మాలకొండమ్మ పళ్ల సెట్టు

నేను ఒక పళ్ల సెట్టును. కనిగిరి వైపు ఒక టౌనులో, మైనం వాసన కొట్టే ఇరుకు గదిలో నన్ను తయారుచేశారు. చేసినవాడు నన్ను వెలుతురుకు పట్టి, "అసలువాటి కన్నా బాగున్నాయి" అని మురిసిపోయాడు. మనుషులకు తమ చేతిపని ముందు దేవుడి పని ఎప్పుడూ కాస్త తక్కువే.

మాలకొండమ్మకు అప్పుడే పెళ్లి కుదిరింది. పుట్టుకతోనే ఆమె పళ్లకు పైపొర గట్టిపడలేదు. పచ్చగా, పెళుసుగా ఉండేవి. చన్నీళ్లు తగిలితే ప్రాణం పోయేది. వాళ్ల నాయన అన్నీ పీకించి నన్ను పెట్టించాడు. ఈ సంగతి మొగుడికి తెలుసు, అత్త ఆదెమ్మకు తెలియదు. అందుకే రాత్రిళ్లు అన్ని పళ్ల సెట్లలాగా తీసి నానేసే నీళ్ల గిన్నె నాకు దక్కలేదు. చిగుళ్లు అరిగి నేను వదులయ్యేకొద్దీ మాలకొండమ్మ నాలుకతో నన్ను అదిమిపట్టి, కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఎప్పుడు జారిపోతానోనని ఆమెకూ నాకూ ఒకటే గుబులు.

కూతురు ప్రసూనకు పాలపళ్లు రాలి కొత్తవి వచ్చాయి. చూస్తే, అవి మాలకొండమ్మ పాత పళ్లే.

"బోరునీళ్లే! ఈ ఊళ్లో ఎవురికి లేవు పచ్చపళ్లు?" అనేది ఆదెమ్మ. పదమూడో ఏడు వచ్చేసరికి పిల్ల మెత్తటి అన్నం తప్ప నమలలేకపోయింది. అత్తా, కోడలూ, పిల్లా ముగ్గురూ పట్నంలో పళ్లాసుపత్రికి పోయారు.

ఒక డాక్టరు ఫ్లోరైడు నీళ్ల మచ్చలన్నాడు. ఇంకొకాయన నొప్పివి పీకేద్దామన్నాడు. హసీనా డాక్టరమ్మ మాత్రం ఆగింది. "నీళ్ల వల్లయితే ఇంత మెత్తగా అరగవే! ఇంట్లో ఇంకెవరికైనా ఉందామ్మా?"

"లేదండీ," అంది మాలకొండమ్మ. ఆ అబద్ధం నా మీదుగానే దాటింది. నేను కదిలి ఆమె నాలుక కొరికాను.

"అమ్మా, పీకితే మళ్లీ రావు గదా?" అంది ప్రసూన.

మరుక్షణం నేను మాలకొండమ్మ అరచేతిలో ఉన్నాను.

"ఇయ్యి నావి గాదు డాక్టరమ్మా. నాకూ ఇంతే. మా నాయన పీకిచ్చేశాడు. దానికి మాత్రం పీకబాకండి."

ఇక పిల్లల డాక్టరు, తీగలు కట్టే డాక్టరు, తొడుగులు వేసే డాక్టరు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ముందు దవడపళ్లకు తొడుగులు వేసి నమలనివ్వాలి, తర్వాత తీగ, పిల్ల ఎదిగాక ముందుపళ్లకు అసలు తొడుగులు. ఏళ్లు పట్టే పనే గానీ, పీకుడు లేదు.

ఆదెమ్మ కోడలి బోసినోటి వైపే చూస్తోంది.

"ఇన్నేళ్లూ నా చేతి చెక్కలు ఎట్టా నమిలావే?"

"మింగాను అత్తా!"

ముందు ప్రసూన నవ్వింది. తర్వాత మాలకొండమ్మ, కొంగు అడ్డం లేకుండా. ఇన్నేళ్లూ ఆ నవ్వు లోపలే ఉన్నాను. బయటినుంచి చూడటం అదే మొదలు. నేను లేకుండానే బాగుంది.

ఆ రాత్రి నాకు నీళ్ల గిన్నె దొరికింది.