పది నిమిషాల వేట

వేట మొదలైన నాలుగో నిమిషం దాకా గది నిండా నవ్వులే.

లైబ్రరీ పై అంతస్తులో పన్నెండు మంది పిల్లలకు వీడియోలు చేయడం నేర్పే క్లాసు అది. నేర్పే ఆవిడ ఒకప్పుడు టీవీలో ఎడిటర్. పిల్లలు ఆవిడను ఎదురుగా మేడమ్ అంటారు, వెనక పాస్‌వర్డ్ అంటారు. రోజుకొక్కసారైనా ఆ మాట అనకుండా ఆవిడ ఇంటికి వెళ్లదు మరి. ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. ఎవరు సినిమా చేసినా, అది బయటికి వెళ్లే ముందు మిగతా పదకొండు మందీ దాని మీద పడాలి. తీసింది ఎవరు, ఎక్కడుంటారు, ఎప్పుడు ఒంటరిగా ఉంటారు... పది నిమిషాల్లో ఎంత దొరికితే అంత లాగాలి. దొరికినవన్నీ తీసేశాకే అప్‌లోడ్. పిల్లలు దానికి వేట అని పేరు పెట్టుకున్నారు.

ఇవాళ వేటాడుతున్నది పిట్ట సినిమాని. పద్నాలుగేళ్ల పిట్ట మట్టితో చీమలు చేసి, వాటిని కాలు తర్వాత కాలు కదుపుతూ రెండు వేల ఫొటోలు తీసి, మూడు నిమిషాల సినిమాగా అతికించింది. చీమలన్నిటికీ గొంతు తనదే. నిజానికి ఈ వేట మూడు రోజుల కిందట జరగాల్సింది. పిల్లల సినిమాల పోటీకి గడువు ఆ సాయంత్రం ఐదింటికి. ఇంకా రెండు నిమిషాలే ఉందనగా మేడమే బటన్ నొక్కేసింది. అంతా మట్టే కదా, ఇందులో ఏముంటుంది అనుకుంది. పోటీవాళ్లు సినిమాని లోకమంతా చూసేలా పెట్టారు. ఆలస్యమైనా రూలు రూలే అని ఇవాళ మొదలుపెట్టింది.

"బొమ్మ చూడకండ్రా, వినండి," అన్నాడు తాత. వాడికి పదిహేనేళ్లే. నోరు తెరిస్తే మాత్రం రిటైరైన హెడ్మాస్టరు. "చీమ ఏడుస్తున్నప్పుడు వెనక ఎవరో ఏదో చెప్తున్నారు."

సౌండ్ పెంచారు. పదహారో నంబరు బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని మైకులో ఎవరో చెబుతున్నారు.

"పదహారు ఆగేది పాత బస్టాండ్‌లోనే!" కళ్లద్దాల పిల్ల ఎగిరి గంతేసింది.

"టకటకమని కుట్టు మిషను కూడా ఉంది."

"మరి ఆ బుస్సుమనేదేంటే?"

"తాత గురక."

"నోర్ముయ్. గాలి కొట్టే మిషనది. కింద పంక్చర్ షాపుంది."

మ్యాప్‌లో ఆ వీధి ఫొటోలు తెరిచారు. బస్టాండ్ వెనక వీధిలో పంక్చర్ షాపు, దాని పైన కిటికీ, కిటికీ పక్కన లేడీస్ టైలర్ బోర్డు. తెర మీద అది కనిపించగానే గది చప్పట్లతో మోగిపోయింది.

"పిట్ట గూడు దొరికిందోచ్!"

మేడమ్‌కి మాత్రం పిట్ట తల్లి మాటలు గుర్తొచ్చాయి. పిట్టని క్లాసులో చేర్చిన రోజు వాళ్లమ్మ అందరూ వెళ్లేదాకా ఆగి, విరిగి సరిగ్గా అతుక్కోని మణికట్టు చూపించింది. మొగుడి నుంచి పారిపోయి వచ్చి రెండేళ్లయిందని చెప్పింది. ఈసారి దొరికితే ప్రాణాలతో వదలనన్నాడట. "ఊరికే అనేవాడు కాదండీ. పిల్ల పేరు రాయకండి, ఫొటో పెట్టకండి," అంది. పేరూ ఫొటో రెండూ జాగ్రత్తగా దాచిన మేడమ్, ఇల్లు మొత్తం చెవికి వినిపించేలా పంపించేసింది.

"మేడమ్, కింద కామెంట్లున్నాయి," అన్నాడు తాత. వాడి గొంతులో హెడ్మాస్టరు మాయమయ్యాడు. "ఒకటి మూడు రోజుల కిందటిది. 'బంగారుకొండా, నీ గొంతేం మారలేదే.'"

పిట్ట కుర్చీలోంచి లేచింది.

"ఇంకోటి?" అంది మేడమ్.

"ఇరవై నిమిషాల కిందటిది. 'మీ బస్టాండ్‌లో టీ బాగుందే. అమ్మకి చెప్పకు.'"

"మా నాన్న," అంది పిట్ట. అంతే అంది.

మేడమ్ పోలీసులకు ఫోన్ చేసింది. బండి బయల్దేరుతోంది, పదిహేను నిమిషాలు పడుతుంది, మీరెవరూ అటు వెళ్లొద్దు అన్నారు. పిట్ట తల్లికి చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు.

"మిషను మీదుంటే వినపడదు మేడమ్. ఫోను సంచిలో పెట్టేస్తుంది," అంది పిట్ట.

"నంబరు! షట్టర్ మీద నంబరుంది!" కళ్లద్దాల పిల్ల తెర మీద పంక్చర్ షాపుని పెద్దది చేసింది. ఎర్ర రంగుతో పదంకెలు.

మేడమ్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"చెప్పండి, ట్యూబా, టైరా?"

"మీ పైన టైలరు గారి అమ్మాయి టీచర్నండీ. ఆవిడ ప్రాణం మీదికొచ్చింది. మీరొక్కసారి పైకెళ్లి..."

"బండెక్కడ ఆగిందమ్మా?" రోడ్డు మోతలో అతనికి సగమే వినిపించినట్టుంది.

పిట్ట ఫోను లాక్కుంది. "బాబాయ్, నేను! మా నాన్నొచ్చాడు. అమ్మని చంపేస్తాడు. తలుపు గడియ పెట్టుకోమను బాబాయ్!"



"ఆఁ, అర్థమైందమ్మా," అన్నాడు పంక్చరతను, అవసరానికి మించి గట్టిగా. "నువ్వు చెప్పే ఆ బండి ఇక్కడే ఉంది. నా ముందే నిలబడింది."



"ఏమన్నా, పైన టైలరమ్మ ఉందా?" ఫోనులో ఇంకో గొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది. పిట్ట రెండు చేతులతో నోరు మూసుకుంది.

"లేదు బాబూ. ఊరెళ్లింది."

ఆ మాట వెనకే, పైనుంచి, టకటకమని మిషను.

"మరి అది తొక్కేదెవరు?"

ఒక్కసారిగా బుస్సుమని హోరు. గాలి మిషను ఆన్ అయింది. ఇక ఫోనులో ఆ హోరు తప్ప ఏమీ లేదు. మాట లేదు, అడుగు లేదు, అరుపు లేదు.

"కట్ చేసి మళ్లీ చేద్దామా మేడమ్?"

"వద్దు."

మేడమ్ పిట్ట భుజాల చుట్టూ చేతులు వేసింది. ఆ రోజు రెండు నిమిషాలు తక్కువ ఐదు. ఆ రెండు నిమిషాల కోసం ఈ పిల్లకి తల్లి లేకుండా చేశానా అనుకుంది. అనుకోవద్దనుకున్న కొద్దీ మెట్లు, ఆ మెట్ల మీద చెప్పులు, గడియ పెట్టని తలుపు కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఎవరో పిల్ల ఏడుస్తోంది. తాత మాత్రం ఆ రెండు కామెంట్లనూ తేదీ, టైముతో సహా ఫొటో తీసి దాస్తున్నాడు. అలా చేయాలని నేర్పింది మేడమే. ఇప్పుడు తనకి అది గుర్తుకే రాలేదు.

పదకొండు నిమిషాలు. హోరు ఆగింది. ఎవరో వగరుస్తున్న చప్పుడు.

"అమ్మాయ్, ఉన్నావా?" పంక్చరతనే. "మీ అమ్మ బాగుంది. గాలి మిషను హోరుకి కిందికి తొంగిచూసి, వాణ్ని గుర్తుపట్టి గడియ పెట్టేసుకుంది. నేను టైర్లిప్పే రాడ్డు పట్టుకుని మెట్లకి అడ్డంగా కూర్చున్నా. కత్తి తీశాడు. జీపు చూడగానే కాళ్లకి బుద్ధి చెప్పాడు. ప్లాట్‌ఫారం మీద దొరకబుచ్చుకున్నారులే. నాకు మోచెయ్యి కాస్త తెగింది. టైరైతే నేనే అతికేసుకుందును, ఇది మాత్రం ఆస్పత్రికెళ్లాలట."

నవ్వాలో ఏడవాలో తెలియక పిల్లలు రెండూ చేశారు.

గంట తర్వాత తల్లి మహిళా కానిస్టేబుల్‌తో మెట్లెక్కి వచ్చింది. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. వాడు ఎన్నాళ్లకు బయటికొస్తాడో చెప్పలేమని, ఈలోపే వీళ్లను ఇంకో చోటికి చేర్చాలని కానిస్టేబుల్ చెప్పింది. తాత దాచిన ఫొటోలు తీసుకుంది. ఎక్కడికన్న ప్రశ్న మేడమ్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తప్పు నాదమ్మా. నేను..."

"తెలుసు, పిల్ల చెప్పింది," అంది తల్లి. "మీరు ఇవాళ ఆ వేటేదో ఆడించకపోతే నేను కుడుతూనే ఉండేదాన్ని. కానీ ఆడించాల్సింది మూడు రోజుల ముందు."

మేడమ్ అక్కడికక్కడే పోటీవాళ్లకు ఫోన్ చేసి పిట్ట సినిమాని తీయించేసింది.

పిట్ట కంప్యూటర్ ముందు కూర్చుని, తన గొంతున్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తుడిచేసింది. తల్లి వెనక నిలబడి లెక్కపెట్టినట్టు చూసింది. చివరికి మట్టి చీమల డబ్బా దగ్గర పిట్ట చెయ్యి ఆగింది.

"ఇవి తీసుకెళ్తానమ్మా. వీటికి గొంతు లేదు."

తల్లి డబ్బా తనే అందుకుని మూత గట్టిగా నొక్కింది.

జీపు వెళ్లిపోయేదాకా కిటికీ దగ్గర నిలబడి మేడమ్ వెనక్కి తిరిగింది. పిల్లలెవరూ ఇంటికి కదల్లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇదివరకు పంపిన తమ సినిమాలను, ఎవరివి వాళ్లు కళ్లు మూసుకుని వింటున్నారు. కళ్లద్దాల పిల్ల మెల్లగా చెయ్యెత్తింది.

"మేడమ్... నా దాంట్లో ఎవరో మా చెల్లిని పేరు పెట్టి పిలుస్తున్నారు. స్కూలు గంట కూడా ఉంది. దీన్ని పద్నాలుగు వందల మంది చూశారు."

మేడమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"మొదట్నుంచి పెట్టు," అంది.