దర్వాజ చెప్పిన మాట

"ఇంట్ల కూసొని ఏం పనే నీకు? నోము పుస్తకం దులిపి పెట్టనీకె గూడ తీరుతలేదా? అమ్మ నిన్నటి సంది మొత్తుకుంటున్నది," అన్నాడు కొండల్‌రావు, షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ.

అతను ఆ మాట అంటున్నప్పుడు అతని భార్య ఆండాళు ఒక చేత్తో పొయ్యిలో పుల్ల ఎగదోస్తోంది, రెండో చేత్తో అతనికి తమలపాకుల డబ్బీ అందిస్తోంది, కాలితో ఊయల తోస్తోంది. మూడో చెయ్యి దేవుడివ్వలేదు గానీ, ఇచ్చి ఉంటే దానికీ ఆ ఇంట్లో పని సిద్ధంగానే ఉంది. "దులుపుత," అంది. అతను జోళ్లు తొడుక్కుని కచేరికి వెళ్లిపోయాడు.

కొండల్‌రావు సూర్యాపేట సర్కారు కచేరిలో గుమాస్తా. అతని ఉర్దూ దస్తూరి చూసి పై అధికారి పేష్కారు కూడా మెచ్చుకుంటాడని అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. తెలుగు మాత్రం ఒక్క అక్షరం రాదు. అందులో అతని తప్పేం లేదు, బళ్లో చెప్పిందే ఉర్దూ. కాకపోతే రాదని ఒప్పుకోవడానికి నోరు రాక, "తెలుగు సదివి ఎవడు బాగుపడ్డడు?" అనేవాడు. ఆండాళుకు తెలుగు బాగా వచ్చు. మిర్యాలగూడలో వాళ్ల నాన్న అరుగు మీద పిల్లలకు చదువు చెప్పేవాడు. ఆమె పక్కన కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతూ నేర్చేసుకుంది. ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు గనక ఎవరూ వద్దనలేదు.

ఆ చదువు అత్తింట్లో శ్రావణమాసంలో తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. ఆ యేడు, అంటే పంతొమ్మిది వందల నలభై ఏడులో, ఆడబిడ్డ రంగమ్మకు కొత్తగా పెళ్లయింది. అత్తవారిది కోదాడ. మొదటేటి మంగళవారం నోము పుట్టింట్లోనే పట్టాలి కాబట్టి సూర్యాపేట వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. నోములో కొత్త పెళ్లికూతురు పిండి దీపాల మీద నెయ్యి రాసిన చాకు పట్టుకుని కూచుంటుంది. కథ చదివినంతసేపూ చాకుకు మసి పడుతుంది. ఆ కాటుకే ముత్తయిదువలందరూ పెట్టుకుంటారు. గౌరీదేవి కథ ఒక్కటే చదివితే కాటుక పలచనవుతుందని అత్తగారు సుగుణమ్మ దాని వెంట ఇంకో చిన్న కథ కూడా చదివించేది. ఆమె భర్త పోయిన మనిషి. నోము గదిలోకి రాకూడదు. వంటింట్లో, గడపకు అవతలే కూచుని వినేది, అక్కడినుంచే అందరి మీదా అజమాయిషీ చేసేది.

ఆ యేడు శ్రావణాలు రెండొచ్చాయి. అధికమాసంలో నోములు పట్టరు గనక నెలరోజులు ఆగాలి. ఆ నెలలోనే, మొగుడి చేత మాట పడి, పుస్తకం దులుపుదామని ఆండాళు పెట్టె తెరిస్తే ఏముంది, చెదలు! గౌరి కథ నోటికి వచ్చు, పోయినా పరవాలేదు. వెనకనున్న చిన్న కథలన్నీ జల్లెడైపోయాయి. అట్ట మాత్రం నిక్షేపంగా ఉంది. చెదలకు కూడా రుచి తెలుసు కాబోలు.

ఇంకొకటి తెప్పిద్దామంటే, తన నాన్న అది నిజాం సరిహద్దు దాటి బెజవాడలో కొన్నాడు. దిల్లీలో జెండా మారుతుందట, ఇక్కడ మాత్రం నిజాం జెండాయేనట. కోదాడ అవతల బస్సులు ఆపి గంపలు కూడా దులిపి చూస్తున్నారని రంగమ్మను దింపడానికి వచ్చినవాళ్లు చెప్పారు. అలాంటి రోజుల్లో నోము పుస్తకం కోసం ఎవడు పోతాడు? అత్తతో చెబుదామా అంటే ఆమె అనే మాట ముందే తెలుసు. "నీ చేతులల్ల ఏది నిలుస్తది?" పగిలిన కుండకూ, విరిగిన పాలకూ, చచ్చిపుట్టిన మొదటి బిడ్డకూ ఈ ఆరేళ్లలో ఆమె అన్నది ఆ ఒక్క మాటే. అందుకని ఆండాళు చెప్పలేదు. కథలు తానే అల్లుకుందామనుకుంది.

అల్లుకోవడం అంటే జడ కాదు కదా. నోము కథలో రాజుండాలి, రాజు భార్య ఉండాలి, అడవి ఉండాలి. ఆండాళు రాజునూ చూడలేదు, అడవినీ చూడలేదు. మిర్యాలగూడ నుంచి కాపురానికి బండిలో వచ్చినప్పుడు కూడా తల వంచుకునే కూచుంది. ఈ కథలు రాసేవాళ్లు వాటిని ఎక్కడినుంచి తెచ్చుకుంటారో! నదుల ఒడ్డున తిరుగుతారేమో, కొండలెక్కుతారేమో. తనకు పెరడు దాటితే గోడ, గోడ దాటితే ఇంకొకరి పెరడు. రోట్లో పప్పు వేసి రుబ్బుతూ "అనగనగా ఒక రాజు" అనుకునేది. రాజు వచ్చేవాడు, సింహాసనం మీద కూచునేవాడు, ఇక నోరు విప్పేవాడు కాదు. పప్పు నలిగేది గానీ కథ కదిలేది కాదు. పది రోజులు చూసి ఒకనాడు విసుగెత్తి, "ఏందయ్యా, ఏదన్న మాట్లాడరాదు?" అని ఆ రాజునే అడిగింది. రాజు గొంతు సవరించుకుని, "ఇంట్ల కూసొని ఏం పనే నీకు?" అన్నాడు.

ఆండాళు చెయ్యి రోట్లో ఆగిపోయింది. ఒక్కతే కూచుని పకపకా నవ్వింది. ఊయలలో పిల్ల ఉలిక్కిపడి లేచింది.

ఆ తర్వాత రాజు నోరు మూయించడమే కష్టమైపోయింది. "పప్పుల ఉప్పు మీ అయ్య ఏస్తడా?" "నీకేం తెలుస్తది, ఊకో." "నలుగురిల నవ్వకు." ఆరేళ్లుగా విని, మింగి, గిన్నెలు తోముతూ మళ్లీ మింగిన మాటలన్నీ రాజు నోట, మంత్రి నోట, కోటలో ముసలి రాణి నోట టకటకా వచ్చేశాయి. ఇన్నాళ్లూ వాటిని తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎవరన్నా ఏదన్నా అంటే చెవి రిక్కించి, ఇది ఏ కథకు పనికొస్తుందా అని చూసుకునేది. పొయ్యి ముందు, రోటి ముందు, బొగ్గుతో పళ్లు తోముకునేటప్పుడు కూడా కథే. రచన చేసేవాళ్లు కొండలెక్కితే ఎక్కనీ, తనకు వంటిల్లు చాలు.

మొదటి మంగళవారం గౌరి కథ అయ్యాక, చెదలు తిన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చిల్లులు కనబడకుండా కొంగు సర్ది, చదువుతున్నట్టే చెప్పింది. ఒక రాజు భార్య రోజూ అందరూ తిన్నాకే తినేదట. ఒకనాడు ఆకలికి తాళలేక, "నువ్వెప్పుడు తింటవమ్మా?" అని గౌరీదేవిని అడిగితే, గౌరి అటూ ఇటూ చూసి, "ఆయన తిన్నంక," అన్నదట. ముత్తయిదువలు నవ్విన నవ్వుకు చేతుల్లో అక్షింతలు ఒలికిపోయాయి. సుగుణమ్మ ఒక్కతే నవ్వలేదు.

"గీ కథ ఇదివరకు ఇనలే నేను," అంది గడప అవతలినుంచి.

"వెనక పేజీలల్ల ఉన్నది అత్తమ్మా."

రెండో వారం, ఇంట్లో కూచుని ఏం పని అన్న రాజు కథ చెప్పింది. గౌరీదేవి కోపంతో చీపురునూ చేదనూ తిరగలినీ ఒక్కరోజు ఊరికే కూచోమంటుంది. పొద్దుగూకేసరికి రాజు కిరీటంతో నీళ్లు మోస్తుంటాడు. ఆ వారం వినడానికి పిలవని వాళ్లు కూడా వచ్చారు.

మూడో వారం కథ కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అది రెండేళ్లనుంచి ఆమె దగ్గరే ఉంది. స్నానానికి పెట్టిన నీళ్లు కాగలేదని కొండల్‌రావు చెయ్యి చేసుకున్నాడు. ఉంగరం తగిలి చెంప గీరుకుపోయింది. మర్నాడు పేరంటంలో అందరూ అడిగారు. "దర్వాజ తగిలింది," అంది. "అయ్యో, సూసుకోవాలె గద," అన్నారు అందరూ. ఏ దర్వాజ అని ఒక్కరూ అడగలేదు. అడగరు. అలా చెప్పిన వాళ్లను ఆండాళు కూడా ఏనాడూ అడగలేదు.

ఆ రోజు చెప్పిన కథ ఇది. ఒక రాజ్యంలో ఆడవాళ్లందరి చెంపలూ వాచి ఉండేవట. అడిగితే దర్వాజ తగిలిందనేవారట. రాజు వడ్రంగులను పిలిచి దర్వాజలన్నీ చిత్రిక పట్టించాడు. వాపులు తగ్గలేదు. చివరికి గౌరీదేవి దిగివచ్చి దర్వాజనే అడిగింది. "తల్లీ, నేను కట్టెను. నిలబెట్టిన కాడ నిలబడ్డ. నేనే పోయి ఎవరినీ తగలలే. నా సాటున ఏం జరిగిందో మాత్రం నాకు తెలుసు. చెప్పమంటవా?" అన్నది దర్వాజ. ఆండాళు అక్కడ ఆపేసింది.

ఎవరూ నవ్వలేదు. ముత్తయిదువలందరూ వాయనాలు తీసుకుని, కాటుక పెట్టుకోవడం కూడా మరిచిపోయి వెళ్లిపోయారు. దీపాల దగ్గర రంగమ్మ ఒక్కతే మిగిలింది. చాకు ఇంకా దించలేదు.

"వదినా, కోదాడ ముచ్చట నీకు ఎవరు చెప్పిన్రు?" అంది గొణుగుతున్నట్టు.

ఆ పిల్ల ఏమీ చెప్పకుండానే అంతా చెప్పేసింది. నాలుగో మంగళవారం నోము కాగానే, ఆ గురువారం నాడు ఆమె అత్తవారు తీసుకుపోవడానికి వస్తారు.

రెండు రోజులు తిరక్కుండానే మగవాళ్లకు ఒళ్లు మండింది. కొండల్‌రావు కచేరి నుంచి వచ్చి టోపీ విసిరికొట్టాడు.

"పేష్కారు సాబ్ అంటడు, మా ఇంటి దర్వాజ సంగతి మీ ఇంట్ల పురాణం జేస్తున్నరట అని. తొవ్వల వకీలు ఆపిండు, అది మా ఇంటిదే అంటడు. బట్టల ఉప్పలయ్య సేటు దుకాణం దిగొచ్చి అడుగుతడు. ఊళ్ల ఇందరి కొంపల ముచ్చట నీకెవరు మోస్తున్నరే?"

ఆండాళు అతని ముఖంలోకి చూసింది. "మీకేం యాదికి రాలేదా?"

"నాకేం యాదికొస్తది?"

నిజంగానే అడిగాడు. దాచిపెట్టడం కాదు, నటన కాదు. మరిచిపోయాడు. ఊళ్లో ప్రతి మగాడూ తన ఇంటి దర్వాజను ఆనవాలు పట్టాడు. ఆ కథ ఎవడి ఇంట్లో పుట్టిందో వాడికి మాత్రం సోయి లేదు. చెంప మీద కొట్టిన రోజు కూడా ఆండాళుకు ఇంత మంట పుట్టలేదు.

కొండల్‌రావు పుస్తకం అందుకుని తిరగేశాడు. చెదలు వదిలేసిన నాలుగు ముక్కల మీద వేలు పెట్టి, "ఇగో, రాసే ఉన్నది గద. నువ్వు ఉత్తగ పరేషాన్ జేస్తున్నవ్," అన్నాడు. "మంగళవారం పేష్కారును, వకీలును తోలుకొస్త. అరుగు మీద కూసొని ఇంటరు. కథ పుస్తకంలది, పాతది, ఎవరింటిదీ గాదు అని ఒక్క మాట చెప్పు. ఖతం."

ఎంత సులువు! ఒక్క మాట. పుస్తకం చూపిస్తే చాలు, ఆమె తప్ప చదవగలిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. రాజుల కాలం నాటి కథ అయిపోతుంది, ఎవరికీ జరగని కథ అయిపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రంగమ్మ గురువారం కోదాడ బస్సెక్కుతుంది, అక్కడి ఆడవాళ్లకు దర్వాజ తగిలిందని చెబుతుంది. వాళ్లూ అయ్యో అంటారు. ఆండాళు నాలుగు రోజులు గిన్నెలు తోముతూ ఆ ఒక్క మాటనే నోట్లో పెట్టుకుని తిప్పింది. మింగుడుపడలేదు. ఆరేళ్లలో ఆమెకు మింగుడుపడని మాట అదొక్కటే.

నాలుగో మంగళవారం గది కిటకిటలాడింది. బయట అరుగు మీద పేష్కారు దగ్గు వినబడుతోంది. రంగమ్మ చాకు పట్టుకుంది. గౌరి కథ అయింది. ఆండాళు పుస్తకం విప్పి, అందరికీ కనబడేలా పైకి ఎత్తి పట్టుకుంది. చిల్లుల్లోంచి వెలుతురు వచ్చింది.

"ఇది చెదలు తిన్నది. ఇందుల కథలు లేవు. మీరు ఇన్నవన్ని నేను అల్లిన."

"యాడికెళ్లి తెచ్చినవే?" అంది సుగుణమ్మ గడప అవతలినుంచి.

"మనింట్ల నుంచే అత్తమ్మా." ఆండాళు పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఇయ్యాల రాజు లేడు, రాణి లేదు. రెండేండ్ల కింద, గీ ఇంట్లనే, నీళ్లు కాగలేదని నన్ను కొట్టిన్రు. దర్వాజ తగిలిందని మీ అందరికి చెప్పిన. అబద్ధం చెప్పిన. దర్వాజ నన్ను ఏనాడు తగలలే."

"ఏమే!" అని అరుగు మీదినుంచి కేక. జోళ్ల చప్పుడు వీధి గడప దాకా వచ్చింది. కొండల్‌రావు ఓరగా వేసిన తలుపు నెట్టబోయాడు.

అప్పుడు సుగుణమ్మ లేచింది. ఈ పన్నెండేళ్లలో నోము నాడు దాటని వంటింటి గడప దాటి, ముత్తయిదువల మధ్యనుంచి నడిచి గదిలోకి వచ్చేసింది. కోడలి చెంప పగలగొడుతుందని అందరూ బిగుసుకుపోయారు. ఆమె సూటిగా వీధి తలుపు దగ్గరికి వెళ్లి, కొడుకు ముఖం మీదే తలుపు మూసి గొళ్లెం పెట్టింది. వెనక్కి తిరిగి గోడకు ఆనుకుని నిలబడింది.

"నేను గిలక అని చెప్పేదాన్ని," అంది. "బావి గిలక జారి తగిలిందని. ఆయన పోయి పన్నెండేండ్లాయె. ఎవరన్న అడిగితె ఇప్పటికి గిలకనే అంట."

ఆమె వచ్చి కూతురి ఎదురుగా కూచుంది. రంగమ్మ చేతిలోని చాకు తీసి పక్కన పెట్టింది.

"నువ్వేమని చెప్తున్నవే రంగీ, కోదాడల?"