వంతెన మీద అమ్మ

సుఝౌ పట్నంలో ఛియావ్ గారికి ఒక నియమం ఉంది. ఏటా తల్లి సంవత్సరీకం నాడు బుద్ధుడి ముందు అగరొత్తులు వెలిగించి, నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక గురువు పద్ధతిలో కొండలూ నీళ్లూ గీస్తారు. ఎడమ అంచున చిన్న అక్షరాలతో, "పెద్దాయన అడుగుజాడల్లో, అమ్మ ఫాంగ్ పేరిట, ఛియావ్" అని రాసి ముద్ర వేస్తారు. ఆ మాట రాయకుండా పెద్దల పద్ధతి వాడుకోవడం ఆయన దృష్టిలో దొంగతనమే.

పోయినేడు గీసిన బొమ్మను, చుట్టి దాచుకునే పొడవాటి కాగితపు చుట్టకు అంటించమని, బొమ్మలు అతికించి అమ్మే బావ్ కొట్లో ఇచ్చారు. బావ్ రెండు నెలలు తిప్పించుకుని, "కప్పు కారి తడిసిపోయిందండీ" అన్నాడు. ఛియావ్ గారు నమ్మారు.

ఈ వసంతంలో, కొలువు మానుకుని ఇంటిపట్టున ఉంటున్న లూ గారు మిత్రులను తన తోటకు పిలిచి, కొత్తగా కొన్న చుట్ట ఒకటి విప్పారు. సాక్షాత్తు ఆ పాత గురువు గీసిందట. అమ్మిన బావ్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఛియావ్ గారు చూశారు. వంతెన మీద, తామరదుంపల బుట్ట మోస్తూ వంగి నడుస్తున్న ఆడమనిషి. పాత గురువు ఎన్నడూ మనుషులను గీయలేదు. ఆ దుంపలు అమ్మి తనకు సిరా కొనిపెట్టిన తల్లిని అక్కడ నిలిపింది తానే. తను రాసిన మాట ఉండాల్సిన ఎడమ అంచు రెండు వేళ్ల మేర తగ్గింది. మరో మూల పాత గురువు పేరుతో కొత్త ముద్ర ఎర్రగా మెరుస్తోంది.

"ఆయన మనిషిని గీసింది ఇదొక్కటేనట," లూ గారు మురిసిపోయారు. "చూడవయ్యా ఛియావ్, నలభై ఏళ్లుగా ఆయన గీతలే దిద్దుతున్నావు. నీ కొండలు ఎప్పుడైనా ఇలా ఊపిరి పీల్చాయా?"

"పీల్చాయి. ఈ బొమ్మ నాదే. ఆవిడ మా అమ్మ."

అందరూ ఘొల్లున నవ్వారు. "ఈయనకి టీ బదులు సారా పోశారేంటి?" అన్నారెవరో.

బావ్ చెవి దగ్గరికి వచ్చాడు. "ఏంటి ఛియావ్ గారూ, ఆ గురువంత చెయ్యి రావాలనేగా జన్మంతా తపించారు? ఇవాళ వచ్చింది. సంతోషించక ఈ గోలేంటి?"

ఆ మాటకు ఛియావ్ గారి ఒళ్లు మండింది. అయినా తనను తాను ప్రశ్నించుకున్నారు. ఇది అహంకారమా? పేరు మీద మమకారం వదలమనేగా బుద్ధుడు చెప్పింది? తన పేరు పోతే పోనీ. మరి అమ్మ పేరో? పెద్దాయన గీయని గీతను ఆయనకు అంటగట్టడమో? దాన్ని కూడా ఓర్చుకోమన్నాడా?

"హాస్యం చాల్లే," లూ గారు చుట్ట చివర అతికించిన తెల్లకాగితం చూపించారు. "ఇది అసలుదేనని నాలుగు ముక్కలు రాయి. ఆయన్ని నీకంటే ఎరిగినవాడు ఊళ్లో లేడు."

ఛియావ్ గారు కుంచె ముంచారు. ఆ కాగితం మీద ఏం రాసినా రేపు బావ్ కత్తికి ఎంతసేపు? అంచున వినయంగా రాసుకున్నదానికి ఏం గతి పట్టిందో చూశారు కదా. ఆయన చేయి నేరుగా బొమ్మ నడుమకు వెళ్లింది. అమ్మ భుజానికి ఆనించి, ఖాళీ నీళ్ల మీద బొద్దుగా రాశారు: "పెద్దాయన అడుగుజాడల్లో, అమ్మ ఫాంగ్ పేరిట, ఛియావ్."

"పాడు చేశావు కదయ్యా," లూ గారు కేకేశారు.

"కోయించుకోండి." ఛియావ్ గారు కుంచె కడుగుతూ బావ్ వైపు చూశారు. "ఈసారి మాత్రం మా అమ్మని కూడా కోయాల్సొస్తుంది."

లూ గారు మొదటిసారి ఎడమ అంచు మీదికి వంగి, కోసిన గీతను వేలితో తడిమారు.