బంద్‌లో గుండె కణాలు

తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మె కట్టిన రోజులవి. చందానగర్ దగ్గర ముంబై రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. అంటే రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం. మెదక్ నుంచి వచ్చి ఇక్కడే ఉంటున్న యాదమ్మ పెద్ద గంజు ముందు గరిటె పట్టుకుని నిలబడితే మంత్రి కారైనా ఆగాల్సిందే. ఆ రోజు ఆమె ఆపింది మాత్రం కన్నకూతుర్ని.

"కంపెనీకా? ఇయ్యాలనా? నలుగురి ముందల నా ఇజ్జత్ తీస్తవా ఏంది?"

ప్రవళిక చున్నీ సర్దుకుని తల్లికి ఎదురుగా నిలబడింది. రాయదుర్గంలో ఓ ల్యాబులో ఆమెది కణాలు పెంచే పని. ఏ అవయవంగానైనా మారగల మూలకణాలను గుండె కణాలుగా మార్చాలి. రెండుసార్లు పెంచితే రెండుసార్లూ చచ్చి ఊరుకున్నాయి. ఈసారి కూడా పోతే పని మొత్తం బెంగళూరుకు పంపేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. నిన్న దారి లేక వాటికి పోషక ద్రవం మార్చలేదు. ఇవాళ కూడా మార్చకపోతే, అవి వదిలిన మలినంలోనే అవి చస్తాయి.

పైఅధికారి వాసంతిది రాజమండ్రి. నల్లగండ్లలో కాపురం. పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ గొడవల్లో నువ్వు బయటికి రాకమ్మా. పోతే పోనీ. ప్రాణం కన్నా ఎక్కువా?" అంది. మంచి మనసుతోనే అంది. అయినా ఆ 'పోతే పోనీ' ప్రవళికకు ఒళ్లంతా కారం రాసినట్టుంది.

"అమ్మా, నేను హాజరు ఏసుకోను. వాటికి బువ్వ పెట్టి వస్త, గంతే. లేకుంటే చస్తయి."

"ఏవి చస్తయి బిడ్డా?" అన్నాడు నర్సయ్య. ఆటో నడుపుతాడు, ఆ శిబిరానికి పెద్ద.

"గుండె కణాలు, బాబాయ్. మొదలు ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. అప్పుడు అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. తర్వాత గుండెగా మారుడు షురూ అయితది. మారనివి కొన్ని వాటంతట అవే చస్తయి. మారినవి ఇగ పెరుగుడు బంద్ పెట్టి, కొట్టుకునుడే పనిగ పెట్టుకుంటయి."

"వాటంతట అవే చచ్చుడేంది?" యాదమ్మ మొహం నల్లబడింది. ఉద్యమం కోసం ప్రాణం తీసుకున్న పిల్లల ఫొటోలు వెనక గుడారానికి కట్టి ఉన్నాయి. "చచ్చినోళ్లను చూసి చూసి కడుపు కాలింది బిడ్డా. బతికేటియి ఉన్నయా లేవా, గది చెప్పు."

"ఉన్నయమ్మా. నేను పోతే బతుకుతయి."

యాదమ్మ గరిటె పక్కావిడ చేతిలో పెట్టేసింది. "నర్సన్నా, ఆటో తియ్యి. పాల బండికి దారి ఇస్తలేమా?"

ఇక దారి పొడుగునా ఆమె ఆర్భాటం చూడాలి! ఎవరు ఆపినా ఆటోలోంచి సగం బయటికి వంగి, "దవాఖాన పని! నా బిడ్డ గుండెలు తయారు చేస్తది!" అని కేకలు. ప్రవళిక సిగ్గుతో చున్నీలో మొహం దాచుకుంది. గుండెలు కాదు, కణాలు అని చెబితే వింటేనా!

ల్యాబులో ద్రవం ఎరుపు పోయి పసుపుకు తిరిగింది. చచ్చిన కణాలు పైన తేలుతున్నాయి. ప్రవళిక చేతులకు తొడుగులు వేసుకుంది. పాతది తీసేసి, కడిగి, వెచ్చటి కొత్త ద్రవం పోసింది. కణాలున్న పళ్లేన్ని కాసేపు వెచ్చటి పెట్టెలో ఉంచి, తర్వాత పక్క గదిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి తెర వెలిగించింది.

ఏమీ కదల్లేదు. పళ్లేన్ని కొంచెం జరిపింది. ఓ మూల చిన్న ముద్ద ముడుచుకుని వదులైంది. మళ్లీ ముడుచుకుంది. అద్దం తలుపు బయట నిలబడి తెరనే చూస్తున్న యాదమ్మ తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

మీ తెలంగాణవాళ్లకు ఇలాంటి పనులు ఎక్కడ వస్తాయిలే అన్న నోళ్లన్నీ ప్రవళికకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ నోళ్లన్నిటినీ పిలిచి ఈ తెర ముందు కూర్చోబెట్టాలనిపించింది.

వాసంతికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. "మేడం, కొట్టుకుంటున్నయి!"

అవతల నవ్వో ఏడుపో తెలియని గొంతు. "ఎంత పని చేశావమ్మా! రిపోర్టులో మొదటి పేరు నీదే. నా పేరు నీ తర్వాతే."

స్పీకరులో ఆ మాట విని యాదమ్మ తలుపు నెట్టి తల లోపలికి పెట్టింది.

"పేరొక్కటే రాస్తె చాలదు మేడం. మాది మెదక్ జిల్ల. గది గూడ రాయుండ్రి."