తమ్ముడి కిరసనాయిలు డబ్బా

చెంచయ్య, శ్రీరాములు అన్నదమ్ములు. కంభం చెరువులో చేపలు పట్టి బతికేవాళ్లు. ఇద్దరికీ కలిపి జమ్ముగడ్డితో కట్టిన తెప్ప ఒకటే. తెప్ప తిరగబడితే నీళ్లలో తేలడానికి చెంచయ్య నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టుకునేవాడు. ఏటా కాయలు తనే ఎంచేవాడు. మెడ సన్నగా, తొక్క మందంగా ఉండాలి. గింజలు తీసి, మూతికి లక్క పెట్టి, రాయి కట్టి బావిలో ముంచేవాడు. ఒక్క బుడగ పైకి వచ్చినా ఆ బుర్రను అవతల పారేసేవాడు.

జర్మనీతో రెండో యుద్ధం మొదలైన ఏడు శ్రీరాములు బుర్రలకు బదులు నడుముకు కట్టుకోవడానికని బజారు నుంచి ఖాళీ కిరసనాయిలు డబ్బా తెచ్చి, నీళ్లు దూరకుండా మూతికి సీసంతో మాటు పెట్టించాడు.

"బుర్ర రాయికి తగిలితే పగుల్తాది అన్నా. ఇది రేకు."

"మాటు సరిగ్గా పడిందో లేదో ముంచి చూసినావా?"

"అన్నీ నీకే తెల్సా? పెండ్లయినోణ్ణి, ఇంకా నాకు చెప్పాల్నా?"

చెంచయ్యకు కోపం వచ్చింది. "నీ డబ్బా, నీ ఇష్టం పో" అన్నాడు. తనూ ముంచి చూడలేదు.

కార్తీకంలో చెరువు నిండింది. ఒక మధ్యాహ్నం వల తీస్తుండగా కొండల వైపు నుంచి గాలి లేచి తెప్పను తిరగేసింది. పట్టుకునేలోపే అది దూరంగా కొట్టుకుపోయింది. డబ్బా మొదట బాగానే తేలింది. ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగా మాటు విడిచింది.

"అన్నా, ఇది బరువెక్కుతాంది!"

చెంచయ్య వెనక్కి ఈదాడు. "తాడు విప్పెయ్ రా! విప్పెయ్!"

నానిన ముడి ఊడలేదు. తమ్ముడి వేళ్లు ఒక్కసారి చేతికి అంది, అలకు జారిపోయాయి. "అన్నా" అని మళ్లీ వినిపించింది. ఆ తర్వాత నీళ్ల మీద ఎవరూ లేరు.

మూడోనాడు శవం కట్ట వారన తేలింది.

దినాలయ్యాక శ్రీరాములు భార్య సుబ్బులమ్మ త్రిపురాంతకంలోని పుట్టింటికి బయలుదేరింది. బండి ఎక్కబోతూ ఆగింది.

"బావా, ఆఖర్న ఆయన నిన్ను పిల్చినాడా?"

చెంచయ్య తల ఎత్తలేదు. "లేదమ్మా. ఒక్కసారే మునిగిపోయినాడు. వానికేం తెలిసుండదు."

"అట్లయితే బాధపడలేదులే" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చెంచయ్య ఊరి చివరి దాకా బండి వెంట నడిచాడు. నిజం చెప్పాలని రెండుసార్లు అనుకున్నాడు, నోరు రాలేదు. బండి మలుపు తిరిగాక దారి మీదనే కూలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.