బ్రేకుల సంగతి తర్వాత

“పాత బండి అన్నాక చప్పుడు చెయ్యదా?” అన్నాడు భర్త, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఆదివారం పొద్దున కారు కడగడం ఈమధ్యే ఆమె పనుల్లో చేరింది. ముందు చక్రం సందులోంచి చూస్తే లోపలి ఇనప పళ్లెం మీద గోళ్లతో గీకినట్టు గీతలు కనిపిస్తున్నాయి. వేలితో తాకింది. గరుకుగా ఉంది.

“ఇంజను చప్పుడు కాదండీ. బ్రేకు తొక్కితేనే వస్తోంది. ఇనుముకి ఇనుము రాసుకున్నట్టు.”

“అంత వినికిడి ఉన్నదానివి సంగీతం నేర్చుకోవాల్సింది.”

గుమ్మంలో కూర్చున్న అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో తన మీద వేసిన జోకుకి తను నవ్వకపోతే, ఏమైంది మూతి ముడుచుకున్నావని సాయంత్రం దాకా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నవ్వేస్తే ఆ పని తప్పుతుంది.

ఆమెను గుట్టకు అవతలి బడికి బదిలీ చేశారు. బడి వేళకు బస్సు లేదు. అందుకని కారు కొన్నారు. అప్పు ఆమె పేరున తీసుకున్నారు, ఆమె జీతంలోంచే కోత పడుతోంది. కాగితాలు మాత్రం భర్త పేరున ఉన్నాయి. మగవాడి పేరున ఉంటే రేపు అమ్మేటప్పుడు సులువు అన్నాడు. ఏ కారు కొనాలో కూడా అతనే చూశాడు. లక్షన్నర కిలోమీటర్లు దాటి తిరిగిన బండి. “గట్టిది కాబట్టే అంత తిరిగింది” అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఆ లెక్కన ఎంత అరిగిపోతే అంత గట్టిదన్నమాట.

కారు వెనక సీట్లో రోజూ ఒక పిల్ల కూర్చుంటుంది. చెల్లెలి కూతురు. రెండో తరగతి. పెద్దమ్మ పనిచేసే బళ్లోనే చేర్చారు. గుట్ట దిగేటప్పుడు మలుపులకు పేర్లు పెడుతుంది. ఒకటి పాము మలుపు, ఒకటి ఏనుగు మలుపు, ఒకటి అమ్మ మలుపు. చివరిదానికి ఆ పేరెందుకు పెట్టావని ఆమె అడగలేదు.

చెల్లెలు పోయి ఏడాది కాలేదు. “అక్కా, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది” అని ఫోనులో చెప్పింది. అప్పుడు వాళ్ల అత్తగారింట్లో పై అంతస్తు వేస్తున్నారు. స్లాబు పడనీ, ఆసుపత్రిలో చూపిద్దాం అన్నారు. పనివాళ్లకు టీ పైకి మోసింది చెల్లెలే. స్లాబు పడింది. తర్వాత కిటికీలు వచ్చాయి, రంగులు వచ్చాయి. ఇంటి ముందు నిలబడి చూసినవాళ్లు బాగుంది అన్నారు. ఆ పై అంతస్తులో చెల్లెలు ఒక్క పూట కూడా కాపురం చెయ్యలేదు. తను కుదుటపడే దాకా అని చెల్లెలి భర్త పిల్లను తెచ్చి దించి వెళ్లాడు. ఇంకా కుదుటపడలేదు.

కారు కొన్న వారంలోనే భార్యాభర్తలు దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను చక్రాలు విప్పి, మూతలు తీసి, అన్నీ చూసి భర్తతో చెప్పాడు. ఆమె పక్కనే ఉంది, కానీ అతని చూపు ఆమె వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

“అన్నీ ఒకేసారి అక్కర్లేదు సార్. ముందు బ్రేకులు. ప్యాడ్లు అరిగిపోయాయి, బ్రేక్ ఆయిల్ నల్లబడిపోయింది. తర్వాత టైర్లు. ఆ తర్వాత ఇంజను బెల్టు. ఏసీ, పెయింటు మీ ఇష్టం.”

“నేను ఊరంతా నడిపాను. బ్రేకులు బానే పడుతున్నాయే.”

“ఊళ్లో పడతాయి సార్” అన్నాడు మెకానిక్. భర్త దగ్గర ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక వరస మారిపోయింది. మొదట సీటు కవర్లు వచ్చాయి. వాటి వెనకే పాటల పెట్టె వచ్చింది. తర్వాతి వంతు బంపరుది. గుట్టకు అవతల ఆడపడుచు కొత్త ఇంట్లోకి మారింది. ఆ సొట్ట బంపరుతో చెల్లి గుమ్మం ముందు బండి ఆపనన్నాడు భర్త. “నలుగురూ చూసేది ముందు చేయించాలిరా” అంది అత్తగారు. బ్రేకుల సంగతి తర్వాత చూద్దాం అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

తర్వాత. ఆ మాట వింటే ఆమెకు చెల్లెలింటి స్లాబు గుర్తొచ్చేది. పిల్లను నిద్రపుచ్చుతూ, కారుతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి చదువుకునేది. ఒక్కో భాగం దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేసుకునేది. ఇది చెడిపోతే ఏమవుతుంది? ఏసీ చెడితే చెమట పడుతుంది. బెల్టు తెగితే బండి ఆగిపోతుంది. బ్రేకు పోతే ఆగదు. ఇంత చిన్న లెక్క, మూడో తరగతి పిల్లలను అడిగినా చేతులెత్తి చెబుతారు. దీన్ని ఇంట్లో ఎలా చెప్పాలో మాత్రం ఆమెకు తెలియలేదు. గట్టిగా చెబితే సాధిస్తోందంటారు. మెల్లగా చెబితే ఎవరికీ వినపడదు. మాటి మాటికీ చెబితే, చెల్లెలు పోయినప్పటి నుంచీ దీనికి అన్నింటికీ భయమే అంటారు. అన్నారు కూడా. ఆ తర్వాత తన భయం ఏదో, నిజం ఏదో తనే విడదీసుకోలేకపోయింది. బ్రేకు తొక్కినప్పుడల్లా, ఈ చప్పుడు నిజంగా వస్తోందా, నాకే వినిపిస్తోందా అని కిటికీ దించి వినేది.

చివరికి ఒకరోజు బడికి సెలవు పెట్టి, తనే కారు తీసుకెళ్లి మెకానిక్‌కి అప్పగించింది. “ముందు బ్రేకులు చెయ్యండి. ఇంకేం చేసినా చెయ్యకపోయినా అవి చెయ్యండి” అని విడమరిచి చెప్పింది. సాయంత్రం వెళ్లేసరికి బంపరు అద్దంలా మెరుస్తోంది. భర్త పురమాయించి ఉంటాడు, పోనీలే అనుకుంది.

“అయిందా?” అని అడిగింది.

“అయింది మేడమ్. సార్ చెప్పినట్టే.”

అతను ప్రతి మాటకీ సార్ అంటాడు. ఆమె పట్టించుకోలేదు. ఇంటికి నడుపుకుంటూ వస్తుంటే బ్రేకు గట్టిగా తగులుతున్నట్టే అనిపించింది. చప్పుడు కూడా తగ్గినట్టే అనిపించింది. చాన్నాళ్ల తర్వాత ఒళ్లు తేలికైంది. అన్నం వడ్డిస్తూ, “బ్రేకులు ఇప్పుడు బాగా పడుతున్నాయండీ” అని భర్తతో చెప్పింది.

అతను ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

“చూశావా” అన్నాడు. “అనవసరంగా భయపడ్డావు.”

మర్నాడు పిల్లతో కూడా చెప్పింది, ఇంక మనకు భయం లేదమ్మా అని. అది అంతకుముందు భయపడలేదు. అయినా తల ఊపింది.

బళ్లో ఆఫీసులో పనిచేసే పెద్దావిడ రోజూ వాళ్లు దిగడం చూస్తూ ఉండేది. “ఎందుకు టీచరుగారూ, ఈ చిన్నదాన్ని వేసుకుని రోజూ ఆ గుట్ట? మా పైవాటా ఖాళీగానే ఉంది. సామాను పడేసుకుని ఉండండి” అనేది. ఆమె నవ్వి ఊరుకునేది. కాపురం ఉన్న మనిషి ఇంకో చోట వాటా తీసుకోవడమేమిటి అనుకునేది.

శనివారం. సగం పూట బడి. ఇంటి వైపు వాలు ఎక్కువ. ముందు లారీ నెమ్మదిగా దిగుతోంది. పిల్ల వెనక ఏనుగు మలుపు వచ్చేసింది అంటోంది. ఆమె బ్రేకు తొక్కింది, వదిలింది, మళ్లీ తొక్కింది. తర్వాతి మలుపులో పెడల్ ఆమె కాలి కింద మెత్తగా, మజ్జిగలో చెంచా దిగినట్టు, అడుగు దాకా దిగిపోయింది. కారు ఆగలేదు. లారీ వెనక వేలాడుతున్న గొలుసు దగ్గరికొచ్చింది. ఆమె అరవలేదు. అరిస్తే పిల్ల భయపడుతుందని ఒక్కటే తోచింది. పెడల్ పైకీ కిందకీ పదేపదే కొట్టింది. గేరు రెండులోకి లాగింది, ఒకటిలోకి లాగింది, ఇంజను ఏడ్చినట్టు మోగింది. చేతి బ్రేకును కొంచెం కొంచెంగా ఎత్తుతూ, రోడ్డు పక్క కంకర పోసిన జాగాలోకి తిప్పింది. కంకరలో కూరుకుని కారు ఆగింది. లారీ మలుపు తిరిగి వెళ్లిపోయింది.

“ఎందుకాగాం పెద్దమ్మా?”

“ఇంజను వేడెక్కిందమ్మా. చల్లబడనీ.”

“ఇది అమ్మ మలుపు.”

“అవును” అంది ఆమె. స్టీరింగు మీంచి చేతులు తియ్యాలని చూసింది. కాసేపటి దాకా రాలేదు.

చల్లబడ్డాక పెడల్ మళ్లీ గట్టిపడింది, ఏమీ జరగనట్టు. మొదటి గేరులోనే గుట్ట దిగి, పాక్కుంటూ వచ్చినట్టు వచ్చి, మెకానిక్ దుకాణం ముందు ఆపింది. ఆమె చెప్పింది విని అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

“సార్ వద్దన్నారు కదా మేడమ్.”

“ఏం వద్దన్నారు?”

“బ్రేకులు. మీరు బండి ఇచ్చి వెళ్లాక పని మొదలుపెట్టే ముందు సార్‌కి చెప్పాను. నా దగ్గరున్న నంబరు సార్‌దే కదా. అవి తర్వాత చూద్దాం, ముందు బంపరు కానివ్వమన్నారు. ఇంట్లో మీరిద్దరూ మాట్లాడుకునే ఉంటారనుకున్నాను.”

“అయిందా అని నేను అడిగాను మీ ఎదురుగా నిలబడి.”

“సార్ చెప్పింది అయింది మేడమ్.”

అతని ముఖంలో దాపరికం ఏమీ లేదు. అందుకే ఆమెకు భయం వేసింది. అతను అబద్ధం ఆడి ఉంటే తిట్టేది. ఆ దుకాణంలో ఆమె చెప్పిన మాట మాటే కాలేదు, తోడు వచ్చిన మనిషి ఎవరో దగ్గితే విన్నట్టు విని వదిలేశాడు. సోమవారం సామాను వస్తుంది, బండి తీసుకురండి, ఈలోగా గుట్ట ఎక్కకండి అన్నాడు. ఆమె తన నంబరు చెప్పింది. అతను రాసుకున్నాడు. సార్ నంబరు కొట్టెయ్యలేదు, దాని కింద రాశాడు.

ఆ సాయంత్రం ఆమె అన్నం వండింది, కూర వండింది, గిన్నెలు కడిగింది. అడగాలని నోటి దాకా వచ్చిన ప్రతిసారీ అతని జవాబు ముందే వినిపించింది. మర్చిపోయాను. ఏం కాలేదు కదా. అబ్బ, మళ్లీ మొదలుపెట్టావా. ఆ జవాబుల్లో ఏది విన్నా తను ఈ ఇంట్లో ఇక నిలబడలేనని ఆమెకు అనిపించింది. నిలబడక ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. కాబట్టి అడగలేదు. మెకానిక్ దగ్గర్నుంచి బండి తెచ్చిన రాత్రి అతను ముద్ద నమిలి మింగిన తీరే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. ఆ నమిలినంత సేపూ అతనికి తెలుసు. చెప్పడానికి అంత సమయం ఉంది. పొద్దున పిల్లకు జడ వేసి, సీట్లో కూర్చోబెట్టి, ఆమె తాళం తిప్పిన ప్రతిరోజూ సమయం ఉంది. వీధి మలుపు దాకా అతను చెయ్యి కూడా ఊపేవాడు.

మర్నాడు ఆడపడుచు ఇంటికి వెళ్లాలి. తెల్లవారుజామున వాన పడి ఆగింది. అత్తగారు పొద్దున్నే తయారై, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె కారు తాళం భర్త చేతిలో పెట్టింది. “మీరే నడపండి. నాకు చేతులు స్వాధీనంలో లేవు” అంది. అది నిజమే.

అతను కారు తీసి వీధి చివరిదాకా వెళ్లాడు. చివర్న ఆగడం చూసింది ఆమె, బ్రేకు కీచుమనడం కూడా ఇక్కడి దాకా వినిపించింది. వెనక్కి తిప్పుకొచ్చి ఇంటి ముందు ఆపాడు. కూర్చున్నచోటే పెడల్ రెండుసార్లు తొక్కి చూశాడు. దిగాడు.

“టాక్సీ చెప్తాను” అన్నాడు.

“అదేంట్రా, సొంత బండి నిగనిగలాడుతుంటే టాక్సీ ఏంటి? మీ చెల్లి ఏమనుకుంటుంది?” అంది అత్తగారు.

అతను గొంతు తగ్గించాడు. “బ్రేకులు ఇంకా చేయించలేదమ్మా. రోడ్డు తడిగా ఉంది. ఆ గుట్ట మీద నిన్ను కూర్చోబెట్టుకుని ఎలా దిగను?”

గుమ్మంలో పిల్ల చెప్పులు తొడుక్కుంటోంది. తల ఎత్తి చూసింది.

“మేం రోజూ దిగుతాం కదా పెదనాన్నా” అంది.

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది, చూసి వెంటనే ఒళ్లో సంచి పట్టీ సరిచేసుకోసాగింది. అతను కారు వైపు తిరిగి, బంపరు మీది వాన చుక్కలు అరచేత్తో తుడిచాడు.

“నువ్వు జాగ్రత్తగా నడుపుతావు కదా అని…” అన్నాడు, ఆ బంపరుతో చెబుతున్నట్టు.

టాక్సీ వచ్చింది. అత్తగారు ఎక్కింది. అతను ముందు సీట్లో కూర్చుని, “రావా?” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మళ్లీ అడగలేదు. టాక్సీ మలుపు తిరిగే దాకా పిల్ల చెయ్యి ఊపింది. ఊపమని ఎవరూ చెప్పలేదు.

ఆమె లోపలికి వచ్చి ఫోను తీసుకుంది. అవతల బడి ఆఫీసు ఆవిడ ఎత్తింది.

“పైవాటా ఇంకా ఖాళీగానే ఉందా అండీ?”

“అయ్యో, మీకోసమే ఉంచినట్టుంది టీచరుగారూ. ఎంతమంది ఉంటారు?”

పిల్ల గుమ్మంలో చెప్పులు విప్పబోతోంది. ఆమె వద్దని చేత్తో సైగ చేసింది.

“ఇద్దరం” అంది.