నిరుటి ఉసిరికాయలు

పుణ్యవతి ఇచ్చిన ఉసిరికాయల సంచిని ఆవిడ తోడికోడలు జయంతి లింగంపల్లి బస్టాపులో బెంచీ మీద వదిలేసి బస్సెక్కిపోయిందట. ఈ కబురు మోసుకొచ్చింది పక్కింటి ఈశ్వరమ్మ. ఆమె కూడా కళ్లతో చూసింది కాదు. కూరగాయలకు వెళ్లిన ఆమె కోడలు శిరీష చూసిందట.

"మర్చిపోయిందనుకుంటివేమో పుణ్యవతక్కా, కాదంట! ఎవరో 'అమ్మా, నీ సంచి' అని పిలిస్తే, 'నాది కాదు' అనేసి ఎక్కినాదంట. నాకెందుకులే గానీ, నీకు చెప్పకుంటే అన్నం సయించేలా లేదు."

పుణ్యవతికి ఏమీ అర్థం కాలేదు. బంగారంలాంటి కాయలు! నాది కాదనడమేమిటి?

గోపన్‌పల్లి ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో ఆమె భర్త రామ్మోహనరావు, గవర్నమెంటు ఉద్యోగంలో ఉండగా, అక్కడ చిన్న ఇల్లు కట్టుకుని పెరట్లో ఉసిరి మొక్క నాటాడు. ఇప్పుడు చుట్టూ ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు. మధ్యలో ఆ ఒక్క చెట్టు. కార్తీకం వస్తే కొమ్మలు విరిగేలా కాస్తుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒక్క కాయ పాడైనా పుణ్యవతికి ప్రాణం ఒప్పదు. కాయలన్నీ కడిగి, ఆవిరి మీద ఉడికించి, గింజలు తీసి, తొనలు పళ్లేల్లో పరిచి ఫ్రీజరులో పెడుతుంది. గడ్డకట్టాక సంచుల్లో నింపుతుంది. పప్పులోకి, పులిహోరలోకి, పొద్దున్నే తాగే రసంలోకి ఏడాదంతా అవే. ఎంత వాడినా సగం మిగులుతాయి. ఈలోగా మళ్లీ కార్తీకం, మళ్లీ కొత్త కాపు. ఫ్రీజరు తలుపు తీస్తే చెయ్యి దూరదు. అప్పుడు నిరుటి సంచులు బయటికొస్తాయి. అవి జయంతికి.

జయంతి రామ్మోహనరావు తమ్ముడు వెంకట్ భార్య. వెంకట్ వ్యాపారం దెబ్బతిన్నాక బాచుపల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఒక కాలేజీ హాస్టల్లో వంటలు చూసుకోవడం ఆమె పని. తినేవాళ్లకు ఇస్తే తప్పేముందని మీరడగవచ్చు. పుణ్యవతీ అదే అడిగింది.

"ఏవండీ, జయంతికి ఉసిరికాయంటే ప్రాణం కదా. తినేవాళ్లకు ఇవ్వడం తప్పా? మరి ఎందుకలా చేసిందంటారు?"

"ఏమో. వెంకట్ కూడా ఫోన్ చేశాడు. ఈసారి వనభోజనానికి రాడట. కారణం అడిగితే, ఏం లేదన్నయ్యా అన్నాడు." ఆయన పెరట్లోని ఉసిరి చెట్టు వంక చూశాడు. "ఉన్నది ఇద్దరం అన్నదమ్ములం. ఏడాదికి ఒక్కసారి ఆ చెట్టు కింద కలిసి నాలుగు మెతుకులు తింటున్నాం. ఇదీ తెగిపోతే ఇంకేం మిగులుతుంది?"

ఆ రాత్రి పుణ్యవతికి కునుకు పట్టలేదు. బరువని వదిలేసిందా? తన మాటల్లో ఏదైనా దొర్లిందా? పోనీ ఈశ్వరమ్మే కల్పించిందా? తెల్లవారాక ఉన్నట్టుండి తట్టింది. ఆదివారం! ఆదివారం ఉసిరికాయ ముట్టకూడదంటారు కదా. తను ఇచ్చింది ఆదివారమే! గోడ మీంచి ఈశ్వరమ్మను పిలిచి చెప్పింది.

ఈశ్వరమ్మ దవడకు చెయ్యి ఆనించింది. "ఆ కాయలు కోసింది నిరుడు కదక్కా? మరి కోసిన వారం లెక్కా, ఇచ్చిన వారం లెక్కా? ఐసులో పడుకున్నదానికి కూడా వారముంటాదా?"

దాంతో ఉన్న గందరగోళం రెండింతలైంది. అయినా కారణం దొరికిందన్న ఊరటతో పుణ్యవతి భర్త చేత జయంతికి ఫోన్ చేయించింది. ఆయన బతిమాలితే ఆమె వస్తానంది.

కార్తీక సోమవారం. చెట్టు కింద విస్తళ్లు వేశారు. జయంతి ఒక్కతే వచ్చింది. వెంకట్ రాలేదు. తమ్ముడి కోసం వేసిన విస్తరి వంక రామ్మోహనరావు చూస్తూ కూర్చున్నాడు. గోడవారగా, ఎదుటి టవర్లలోని పెద్ద హోదా ఉన్నవాళ్లకు పంపడానికి అప్పుడే కోసిన కాయలు బుట్టల్లో నిగనిగలాడుతున్నాయి. జయంతి ఆ బుట్టలను చూసింది.

అయ్యా, అమ్మా, మనలో చాలామందిమి పెట్టే చేతులమే. కానీ పెట్టేటప్పుడు చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోం. మంచివి గొప్పవాళ్లకు, మిగిలినవి మనవాళ్లకు. పైగా దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. పుణ్యవతి చెడ్డ మనిషి కాదు. అందుకే ఆమెకు అర్థం కాలేదు.

భోజనాలయ్యాక ఆమె లోపలికి వెళ్లి, మంచు పేరుకున్న సంచి తెచ్చి తోడికోడలి ఒళ్లో పెట్టింది.

"ఆదివారంనాడు ఇవ్వడం నాదే తప్పు జయంతీ. మనసులో పెట్టుకోకు. ఇవాళ సోమవారం, ఏ దోషమూ లేదు. తీసుకెళ్లు."

సంచి మీది మంచు కరిగి జయంతి చీర తడుస్తోంది. ఆమె బుట్టల వంక, సంచి వంక మార్చి మార్చి చూసింది. విస్తళ్లు తీస్తున్న ఈశ్వరమ్మ ఆగిపోయింది. రామ్మోహనరావు తలెత్తాడు.

"అక్కా, వారం మంచిదే," అంది జయంతి నెమ్మదిగా. "కానీ నీ ఫ్రీజరులో చోటు కావలసినప్పుడు తప్ప, మేమెప్పుడైనా నీకు గుర్తొచ్చామా?"